పాత డాస్ ఆటలకు పెంటియం: ఏది కొనాలి, ఎట్లా నిదానం చేయాలి

విండోస్‌కు ముందు పీసీలను నడిపిన డాస్ కాలపు ఆటలు కొన్నిటిని వేగమైన మెషీన్‌లో పెడితే, మీరు కీ నొక్కేలోపే మీ బొమ్మ చచ్చి పడి ఉంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో 8088 ప్రాసెసర్ 4.77 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. ఆ రోజుల్లో చాలా ఆటలు గడియారం చూసేవి కావు. "ఈ లూప్ ఇన్నిసార్లు తిరిగితే ఇంత సమయం" అని రాసినవాళ్లు లెక్క కట్టుకునేవాళ్లు. ప్రాసెసర్ ఎన్ని రెట్లు వేగమైతే ఆటా అంత పరుగు తీస్తుంది. 1990 నాటి వింగ్ కమాండర్‌కు 386 ప్రాసెసర్ సరిగ్గా సరిపోతుంది. పెంటియంలో దాన్ని మామూలుగా నడిపితే ఎవరు ఎవర్ని కాల్చారో కూడా తెలియదు.

ఒక్కో కాలానికి ఒక్కో మెషీన్ కొంటే ఇంట్లో చోటు పోవడం తప్ప లాభం లేదు. ఒక్క పెంటియం 233 ఎంఎంఎక్స్ చాలు. మామూలు వేగంతో 1996 నాటి క్వేక్ ఆడుతుంది, క్యాష్ (ప్రాసెసర్ చేతికందేలా పెట్టుకునే చిన్న వేగమైన మెమరీ) ఆపేస్తే 386 స్థాయికి దిగుతుంది. పెంటియం 2, 3లతో చిక్కేమిటంటే వాటిలో ఎక్కువ వాటికి మల్టిప్లయర్ (బోర్డు వేగానికి ఎన్ని రెట్లుగా ప్రాసెసర్ నడవాలో చెప్పే అంకె) మారకుండా తాళం వేసి ఉంటుంది. క్యాష్ ఆపితే ఒక్కసారిగా పాతాళానికి పడిపోతాయి, నడుమ మెట్లు ఉండవు. 486 మంచిదే, వేగం తగ్గించే టర్బో బటన్ కూడా ఉంటుంది, కానీ మదర్‌బోర్డు బాగున్నది దొరకడం కష్టం. అన్నిటికంటే మేలైనవి ఏఎండీ కే6-2 ప్లస్, కే6-3 ప్లస్. డాస్‌లో ఉండగానే వీటి మల్టిప్లయర్‌ను 2 నుంచి 6 దాకా మార్చొచ్చు. అయితే ఇవి ల్యాప్‌టాప్‌ల కోసం చేసినవి, అరుదు. బోర్డు 2.0 వోల్టులు ఇవ్వగలగాలి, బయోస్ (మెషీన్ వేయగానే మొదట నడిచే, బోర్డు మీది ప్రోగ్రాం) వాటిని గుర్తుపట్టాలి. దొరికితే మాత్రం వదలొద్దు.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఈ సరుకు కంప్యూటర్ అంగళ్లలో ఉండదు. గుజిరీ అంగళ్లలో, మూతబడిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల సామాన్లలో, కాలేజీ ల్యాబు మూలల్లో వెతకాలి. బంగారు పూత కోసం ప్రాసెసర్లను ముందే పీకి పక్కన పెట్టుకునేవాళ్లు ఉంటారు కాబట్టి బోర్డు ఖాళీగా ఉంటే ప్రాసెసర్ల డబ్బా ఉందేమో విడిగా అడగండి. ఫ్యాను, థర్మల్ పేస్టు, కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును హార్డ్ డిస్కు చోట ఐడీఈ కనెక్టర్‌కు తగిలించే అడాప్టర్ లాంటివి ఊళ్లో దొరక్కపోతే కర్నూలు వాళ్లకు సికింద్రాబాద్ సీటీసీ, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ ఉన్నాయి.

బోర్డు చేతికి రాగానే మొదట బ్యాటరీ చూడండి. నాణెంలాంటి సీఆర్2032 ఉంటే దిగులు లేదు. పాత 386, 486 బోర్డుల మీద పీపాలాంటి 3.6 వోల్టుల బ్యాటరీ టంకం వేసి ఉంటుంది. అది కారి చుట్టూ రాగి గీతల్ని తినేస్తుంది. పచ్చటి బూజులా కనిపిస్తే బ్యాటరీ కత్తిరించి తీసేసి, వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరనివ్వాలి. కారింది క్షారం కాబట్టి పులుపు పనిచేస్తుంది. తరువాత పాతరకం కార్డులు గుచ్చే పొడవాటి నల్లటి ఐఎస్ఏ స్లాట్ ఒక్కటైనా ఉందో లేదో చూడండి. డాస్ ఆటలు సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డును అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 5 లేదా 7, డీఎంఏ 1 అనే స్థిరమైన నంబర్ల దగ్గర వెతుకుతాయి. ఐఎస్ఏ కార్డుతో ఇది సులువుగా కుదురుతుంది, తరువాతి రకమైన పీసీఐ కార్డుతో తలనొప్పి. ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ బోర్డయితే ర్యామ్ 64 ఎంబీకి మించి వేయొద్దు, అది మొదటి 64 ఎంబీని మాత్రమే క్యాష్ చేస్తుంది.

ఇక వోల్టేజీ. ఎంఎంఎక్స్ ప్రాసెసర్ కోర్‌కు 2.8, చుట్టూ ఉన్న పిన్నులకు 3.3 వోల్టులు కావాలి. మామూలు పెంటియం కోసం చేసిన పాత బోర్డు కోర్‌కూ 3.3 ఇస్తుంది, ప్రాసెసర్ మాడుతుంది. రెండు వోల్టేజీలు విడివిడిగా ఇచ్చే జంపర్లు (పిన్నుల మీద తొడిగే చిన్న టోపీలు) ఉన్న బోర్డే తీసుకోండి. ప్రాసెసర్ కూర్చోబెట్టకముందే జంపర్లు సరిచేసుకోవాలి. 233కు బస్సు, అంటే బోర్డు వేగం, 66 మెగాహెర్ట్జ్ పెట్టి మల్టిప్లయర్‌ను 1.5 దగ్గర ఉంచాలి. పొరపాటు కాదు, ఈ చిప్ 1.5ను 3.5గా అర్థం చేసుకుంటుంది. పాతరకం ఏటీ పవర్ సప్లై అయితే రెండు కనెక్టర్ల నల్ల తీగలు నడుమ పక్కపక్కనే రావాలి. తిరగేసి పెడితే బోర్డు పోతుంది. హీట్‌సింక్ క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో నొక్కేటప్పుడు కింద మడిచిన అట్టముక్క పెట్టండి, జారిందంటే గీతలు తెగుతాయి. ఈ ప్రాసెసర్ 17 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. మన ఎండాకాలంలో గది వేడే నలభై దాటుతుంది కాబట్టి పాత ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది పూయాలి, ఫ్యాను గరగరమంటే మార్చేయాలి.

నిదానం చేయడంలో వరుస ముఖ్యం. జంపర్లతో మొదలుపెడితే 66 బస్సు మీద 2, 2.5, 3 మల్టిప్లయర్లతో 133, 166, 200 మెగాహెర్ట్జ్ వస్తాయి. బస్సు 50, మల్టిప్లయర్ 2 పెడితే 100. అంతకంటే కిందికి దిగాలంటే క్యాష్ ముట్టుకోవాలి. బోర్డు మీది క్యాష్‌ను, అంటే ఎల్2ను, బయోస్‌లో ఎక్స్‌టర్నల్ క్యాష్ దగ్గర ఆపొచ్చు, దీంతో తేడా కొంచెమే. ప్రాసెసర్ లోపలి 32 కేబీ క్యాష్, అంటే ఎల్1, ఆపితేనే అసలు పతనం. రెండూ ఆపితే 286 దరిదాపుల్లోకి పోతుంది.

ఎల్1 కోసం ప్రతిసారీ బయోస్‌లోకి పోనక్కర్లేదు. డాస్‌లో సెట్‌మల్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. దాని పేరు పక్కన ఎల్1డి అని ఇస్తే ఎల్1 ఆగుతుంది, ఎల్1ఈ అని ఇస్తే తిరిగి వస్తుంది. పెంటియంలో బ్రాంచ్ ప్రెడిక్షన్‌ను (తరువాత ఏ ఆజ్ఞ వస్తుందో ముందే ఊహించడం), ఆజ్ఞలు జంటగా నడిచే రెండో పైపును కూడా ఇదే ఆపగలదు. 386కూ 486కూ నడుమ వేగం కావాలన్నప్పుడు ఇవే మెట్లు. ఎంత దిగిందో కంటికి తెలియదు, వేగం కొలిచే టాప్‌బెంచ్ ప్రోగ్రాం నడిపితే ఏ పాత మెషీన్‌కు సమానమో పేరుతో చెబుతుంది. ఒక్కో ఆటకు ఒక్కో బ్యాచ్ ఫైలు (వరుసగా నడిచే ఆజ్ఞల ఫైలు) రాసుకోండి: మొదటి వరుసలో ఎల్1 ఆపడం, రెండో వరుసలో ఆట, మూడో వరుసలో ఎల్1 తెరవడం. సెట్‌మల్ మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది డాస్ మెమరీని చూసుకునే ఈఎంఎం386 ప్రోగ్రాంను. అది లోడై ఉంటే ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లను ముట్టుకోనివ్వదు. ఇంకో మెమరీ ప్రోగ్రాం హైమెమ్ ఒక్కటే ఉంచి రీబూట్ చేయండి. విండోస్ లోపలి డాస్ కిటికీలో ఇది చేయొద్దు, నేరుగా డాస్‌లోకి పోవాలి.

మోస్లో లాంటి నిదానం చేసే ప్రోగ్రాంలను చివరికి ఉంచుకోండి. అవి ప్రాసెసర్‌ను నిజంగా నిదానం చేయవు, కాసేపు నిలిపి కాసేపు వదులుతాయి. అందుకే బొమ్మ కుదుపుతుంది, పాట తెగుతుంది. పేకాటకు పర్వాలేదు, విమానం నడిపే ఆటకు పనికిరాదు.

అన్ని లోపాలూ ఆట పరుగు తీయడంగానే బయటపడవు. సియెర్రా వాళ్ల పాత ఆటలు కొన్ని మ్యూజిక్ హార్డ్‌వేర్ దొరకలేదని ఆగిపోతాయి. సౌండ్ కార్డు బాగానే ఉంటుంది. అది జవాబు ఇచ్చేలోపే ఆట ఓపిక అయిపోయింది, అంతే. ఎల్1 ఆపి చూడండి. రన్‌టైమ్ ఎర్రర్ 200 వస్తే ఆ ప్రోగ్రాం టర్బో పాస్కల్‌లో రాసింది. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ మీద మొదట్లోనే వేగం కొలిచే లెక్కలో భాగహారం పట్టనంత పెద్ద అంకె వచ్చి ఆగిపోతుంది. దీనికి ప్యాచ్‌లు ఉన్నాయి. లేదా ఎల్1 ఆపి మొదలుపెట్టినా సరిపోతుంది.

ఎక్కడైనా మెషీన్ బిగుసుకుపోతే భయపడొద్దు. సెట్‌మల్ చేసిన మార్పులు కరెంటు ఆపి వేస్తే పోతాయి. బయోస్‌లో, జంపర్లలో చేసినవి మాత్రం అట్లాగే ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడ పెట్టారో కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అతికించుకోండి.