బాగ్దాద్‌లో దిగాక క్యాంపుకు చేరేదాకా

బాగ్దాద్‌లో ఒక క్యాంపులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. జగిత్యాల, నిజామాబాద్ వైపు పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తారు: "అన్నా, ఇరాక్ ఆఫర్ వచ్చింది, పోవాల్నా?" జీతం సంగతి తర్వాత. ఎయిర్‌పోర్టులో నన్నెవరు తీసుకెళ్తారు, ఏ బండిలో, రాత్రి ఎక్కడ పడుకుంటాను? ఈ మూడూ ముందు ఏజెంటును అడగండి. జవాబు కాగితం మీద ఇవ్వకపోతే పోవద్దు. 2014లో మోసుల్‌లో ఐసిస్ పట్టుకుపోయి చంపిన మన 39 మంది కూలికి వెళ్ళినవాళ్ళే. మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) రకం అయితే ఇరాక్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాల్సిందే. విజిట్ వీసా మీద అసలు వెళ్ళొద్దు. మీ ఇన్సూరెన్స్‌లో యుద్ధ ప్రమాదం కవరవుతుందో లేదో ఆ కాగితం కూడా చదివించుకోండి.

దిగాక, మీకు ముందే పంపిన ఫొటో, పేరు సరిపోయిన మనిషితోనే కదలండి. బండెక్కకముందే బాత్రూమ్‌కు వెళ్ళిరండి, దారిలో ఆపరు.

బండెక్కే ముందు ఇచ్చే బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ (జాకెట్) తొడుక్కోవడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బరువుకు భుజాలు లాగుతుంటే పట్టీలు వదులు చేసుకుంటారు, లోపలి గట్టి ప్లేటు పొట్ట మీదికి జారిపోతుంది. ఆ ప్లేటు ఉన్నది గుండె కోసం, ఊపిరితిత్తుల కోసం. దాని పై అంచు మెడ కింద, రెండు కాలర్ ఎముకల మధ్య గుంట దగ్గరికి రావాలి. పక్క పట్టీలు బిగించి, ఒకసారి కూర్చుని చూసుకోండి.

బండి తలుపు మామూలు కారు తలుపు కాదు, స్టీలు, మందపాటి గాజు. వేళ్ళు పడితే నలిగిపోతాయి. తీయడం, వేయడం గార్డుకే వదిలేయండి. సీటు బెల్టు పెట్టుకుని, ఫస్ట్ ఎయిడ్ కిట్ ఎక్కడుందో, రేడియోలో ఎలా మాట్లాడాలో అడిగి తెలుసుకోండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. టర్నికెట్ (చేతికో కాలికో గాయమైతే రక్తం ఆపడానికి బిగించే పట్టీ) ఎలా కట్టాలో కూడా చూపించమనండి: గాయానికి రెండు మూడంగుళాలు పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా తిప్పి బిగించాలి. కట్టిన టైము రాసిపెట్టాలి.

2020 జనవరి 3న ఇరాన్ సైనిక జనరల్ ఖాసిం సులేమానీ మీద అమెరికా డ్రోన్ దాడి జరిగింది ఈ ఎయిర్‌పోర్టు దగ్గరే. దారిలో ఏదైనా జరిగితే డ్రైవర్ ఆపడు, దూసుకుపోతాడు. మీరు తల దించి కిందికి ఒదిగిపోండి. బండి కదలకుండా అయితే వెంట వచ్చే రెండో బండి పక్కకొచ్చి నిలబడుతుంది. టీమ్ లీడర్ చెప్పాకే దిగాలి. బయటకంటే లోపలే మేలు.

ఫొటోలు తీయొద్దు. చెక్‌పోస్టులవే కాదు, మన డ్రైవర్‌వి, గార్డులవి కూడా. ఇరాకీ కుర్రాళ్ళు డ్యూటీ దిగాక ఆ ఊళ్ళోనే, పెళ్ళాంపిల్లల దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళ ముఖం మీ స్టేటస్‌లో కనబడితే ఆ ఇంటికి ముప్పు. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం.

క్యాంపులో దాడి హెచ్చరిక సైరన్ మోగితే చేతిలో ఉండేది కొన్ని సెకన్లే. బంకర్ దూరమైతే పరుగెత్తొద్దు. కిటికీకి దూరంగా బోర్లా పడుకుని తల కప్పుకోండి. పేలుడు ఆగాక బంకర్‌కు వెళ్ళి, ఆల్ క్లియర్ చెప్పేదాకా అక్కడే ఉండండి. మొదటి రాత్రే, నిద్రపోకముందు, టార్చి లేకుండా రూము నుంచి బంకర్ దాకా ఒకసారి నడిచి చూసుకోండి.