జెమినిన్ పాఠం గీతలు గీసి చదవండి

తిరుపతి బాలాజీ కాలనీలో సాయంత్రం పూట ఎమ్మెస్సీ పిల్లలకు సెల్ బయాలజీ చెబుతుంటాను. నెట్ పరీక్షకు చదివేవాళ్లు జెమినిన్ అనే ప్రోటీన్ గురించి తరచూ అడిగేది ఇదే: "జెమినిన్ రెప్లికేషన్‌ను (డీఎన్‌ఏ కాపీ కావడాన్ని) ఆపుతుంది కదా మేడం, మరి ఆ కాపీ జరిగే ఎస్ దశలోనే ఎందుకు పెరుగుతుంది?" నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. బాణాల బొమ్మ బట్టీ పడితే దీనికి జవాబు రాదు.

నోట్‌బుక్‌ను అడ్డంగా తిప్పి, కింద ఒక పొడవు గీత గీయండి. దాని మీద కణచక్రం దశలకు జీ1, ఎస్, జీ2, ఎం అని గదులు పెట్టండి: ఎస్‌లో డీఎన్‌ఏ కాపీ, ఎంలో కణ విభజన, జీ1, జీ2 వాటి మధ్య విరామాలు. ఎం గదిలో మెటాఫేజ్ (క్రోమోజోమ్‌లు నడిమధ్య వరుసకట్టే ఘట్టం) అయిపోయే చోట చిన్న గాటు పెట్టండి. అది మరిచిపోవద్దు.

గీత ఎత్తు అంటే ఆ ప్రోటీన్ ఎంత ఉందో. ఎర్ర పెన్ను సీడీటీ1 అనే ప్రోటీన్‌కి. జీ1లో ఎత్తుగా గీసి, ఎస్ మొదలవగానే కిందికి దించండి. ఆకుపచ్చ పెన్ను జెమినిన్‌కి. జీ1లో నేలబారుగా ఉంచి, ఎస్ నుంచి పైకి తీసుకెళ్లి, గాటు దగ్గర నిట్టనిలువుగా పడేయండి. అక్కడ ఏపీసీ అనే ఎంజైమ్ దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తు తగిలిస్తుంది, ఆ గుర్తు ఉన్నవాటిని కణంలోని ప్రోటియాజోమ్ అనే యంత్రం ముక్కలు చేసేస్తుంది. అసలు 1998లో మెక్‌గారీ, కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు కప్ప గుడ్ల సారంలో దీన్ని పట్టుకున్నదే ఏపీసీ నాశనం చేసే ప్రోటీన్ల కోసం వెతుకుతూ.

ఇప్పుడు జీ1 గది కింద రాయండి: ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1 అనే ప్రోటీన్లు కలిసి ఎంసీఎం ఉంగరాలను (కాపీ కోసం డీఎన్‌ఏ పోగులను విడదీసే ప్రోటీన్లను) డీఎన్‌ఏకి తొడుగుతాయి. లైసెన్సింగ్ అంటే ఇదే. ఆ ఉంగరాలు పని మొదలుపెట్టేది మాత్రం ఎస్‌లో. జెమినిన్ సీడీటీ1ను పట్టేసుకుని కొత్త ఉంగరాలు పడనివ్వదు. ముందే తొడిగినవాటి జోలికి పోదు. శ్రీనివాసం దగ్గర టోకెన్ల కౌంటర్ మూసేసినా, చేతిలో టోకెన్ ఉన్నవాళ్ల దర్శనం ఆగదు కదా! పిల్లల ప్రశ్నకు జవాబు అదే.

అలాగని అంతా జెమినినే చూసుకుంటుందని రాస్తే మార్కులు పోతాయి. ఈస్ట్‌లో జెమినిన్ లేనే లేదు, అక్కడ ఆ బాధ్యత సీడీకేలనే ఎంజైమ్‌లది. మన కణాల్లో కూడా ఎస్ దశలో సీడీటీ1ను విడిగా నాశనం చేసే దారులున్నాయి. అయినా కొన్ని రకాల మానవ కణాల్లో జెమినిన్ తీసేస్తే అదే డీఎన్‌ఏ మళ్లీ కాపీ అవుతుంది, డీఎన్‌ఏ దెబ్బతింటుంది.

చివరగా ఒక లెక్క. ఏపీసీ గుర్తుపట్టే డిస్ట్రక్షన్ బాక్స్ అనే చిన్న భాగాన్ని కోసేసిన జెమినిన్‌ను కణంలో పెట్టారనుకోండి. ఆకుపచ్చ గీత గాటు దగ్గర పడదు, తర్వాతి జీ1లోకి అలాగే సాగుతుంది. అక్కడ ఎంసీఎంలకు, ఆపైన ఎస్ దశకు ఏమవుతుందో పుస్తకం మూసి మీరే గీయండి.