పాత ట్రయల్ మౌంటెన్‌ను మళ్లీ గీయడం ఎలా: ఒక రోడ్డు సర్వేయర్ పద్ధతి

పగలు నా పని రోడ్ల సర్వే. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎక్కడ బీటీ రోడ్డు పడుతున్నా ఎత్తులు కొలిచే ఆటో లెవెల్, అంకెల కర్ర (స్టాఫ్) పట్టుకుని పొద్దున్నే అక్కడుంటాను. రాత్రి భోజనాలయ్యాక అదే పని కంప్యూటర్‌లో చేస్తాను, కాకపోతే భూమ్మీద ఎక్కడా లేని రోడ్లకు. ‘గ్రాన్ టురిస్మో’ అనే కార్ల రేసు వీడియో గేమ్ ఆడినవాళ్లకు అందులోని ట్రయల్ మౌంటెన్ ట్రాక్ గురించి చెప్పక్కర్లేదు. రాతి గోడలు, సొరంగాలు, ఎక్కుడు దిగుడు, చివర్లో షికేన్, అంటే స్పీడు తగ్గించడానికి వెంటవెంటనే పెట్టిన కుడి ఎడమ మెలిక. 1997లో మొదటి ఆటతోనే వచ్చిన ట్రాక్ అది. అలాంటి పాత ఊహా ట్రాక్‌ని ఇప్పటి కార్లకు తగ్గట్టు మార్చి ‘అసెట్టో కోర్సా’లో (మనం గీసిన ట్రాక్ ఎక్కించుకోగలిగే కంప్యూటర్ రేసు ఆట) నడపాలంటే ఏం చేయాలో, నేను చేసే పద్ధతిలో చెబుతాను.

నా రెండు పనులకూ లెక్కలు ఒకటే, ఉద్దేశం మాత్రం పూర్తిగా తలకిందులు. పగలు వేసే రోడ్డు మీద డ్రైవర్ ఎక్కడైనా ఉలిక్కిపడ్డాడంటే మేం సరిగా గీయలేదన్నమాట. రాత్రి గీసే రోడ్డు మీద ఎక్కడా ఉలిక్కిపడకపోతే ఎవడూ రెండో ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) వేయడు. రోడ్డు రూల్స్ తెలిస్తే, ఏ రూల్‌ని ఎంత తప్పితే డ్రైవర్‌కి ఎంత టెన్షన్ పుడుతుందో ముందే అంచనా వేయొచ్చు.

ఏది ముట్టుకోకూడదో ముందు తేల్చుకోండి

కంప్యూటర్ తెరవకండి. ఆ ట్రాక్ మీద బాగా ఆడిన నలుగురిని కూర్చోబెట్టి, తలా ఒక కాగితం ఇచ్చి, గుర్తున్నంత గీయమనండి. నేను మెట్టుగడ్డ దగ్గర టీ కొట్టులో మా ఫ్రెండ్స్‌తో ఈ పని చేయించాను, సర్వే కొలతలు రాసుకునే లెవెల్ బుక్కు వెనక పేజీల్లో. సొరంగాన్ని అందరూ గీశారు, అసలు పొడవు కన్నా పెద్దగా గీశారు. చివరి షికేన్ కూడా అందరికీ గుర్తుంది. మధ్యలో మెలికలు ఎన్ని అంటే మాత్రం ఒక్కొక్కడు ఒక్కో లెక్క చెప్పాడు. దాంతో నాకు కావలసింది దొరికింది. పెద్దగా గీసినదాన్ని ముట్టుకోవద్దు. మర్చిపోయిన చోట ఎంత మార్చినా ఎవరూ అడగరు.

ఇంకో సంగతి కూడా చూడాలి: పాత ట్రాక్ అలా ఎందుకుంది? ఆ ఆట వచ్చిన మొదటి ప్లేస్టేషన్ గేమ్ మెషీన్‌లో మెయిన్ మెమరీ 2 ఎంబీ, బొమ్మలకు విడిగా 1 ఎంబీ. దూరం వరకు కొండలు, చెట్లు చూపించడం దాని వల్ల కాదు. రోడ్డు పక్కనే రాతి గోడ ఉంటే చూపు అక్కడే ఆగుతుంది, మెషీన్ మీద భారం తగ్గుతుంది. కారణం ఏదైనా, ఆడేవాడికి అందిన అనుభవం మాత్రం ఇరుకు. ఇప్పటి కంప్యూటర్లలో గోడ తీసేసి పది కిలోమీటర్ల లోయ చూపించొచ్చు. కానీ గోడ తీస్తే ఆ ఇరుకు పోతుంది, ఇరుకు పోతే అది ట్రయల్ మౌంటెన్ కాదు.

2022లో వచ్చిన ‘గ్రాన్ టురిస్మో 7’లో ఆట తయారుచేసిన కంపెనీయే ఈ ట్రాక్‌ని మార్చింది. వెనక స్ట్రెయిట్‌ని (మలుపు లేకుండా సూటిగా పోయే భాగం) సాగదీశారు, చివరి షికేన్ రూపం మార్చారు. దాదాపు 4 కిలోమీటర్లున్న ల్యాప్ 5 దాటింది. షికేన్ విషయం నాకు మింగుడు పడలేదు కానీ స్ట్రెయిట్ సాగదీయడం మాత్రం సరైన పనే, ఎందుకో కింద లెక్కలో చెబుతాను. అదే ఆటలోని ఇంకో పాత ట్రాక్ గ్రాండ్ వ్యాలీని 2023లో ఏకంగా కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లారు. అందంగా ఉంది, కాదనను. నా దృష్టిలో మాత్రం అది పాత పేరు పెట్టుకున్న కొత్త ట్రాక్.

ఆటలోనే సర్వే

ఆట ఫైళ్లలోంచి మోడల్ బయటకు లాగి వాడుకునేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. అది కంపెనీ సొత్తు, పైగా అలా తీసిన మెష్ (రోడ్డు ఆకారాన్ని చేసే గీతల వల) కొత్త కార్లకు పనికిరాదు. మీ కొలతలు మీరే తీసుకోండి.

ఆటలో ఒక చిన్న కారు తీసుకుని, స్పీడు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర నిలిపి ల్యాప్ మొత్తం నడపండి. 60 అంటే సెకనుకు 16.7 మీటర్లు. రీప్లేని ఫోన్‌లో వీడియో తీసి, ప్రతి మలుపు మొదలు, చివర టైం రాసుకుంటే చైనేజీ, అంటే మొదలు నుంచి అక్కడికి ఎంత దూరమో, దానంతటదే వస్తుంది. మలుపు వ్యాసార్థం కూడా ఇలాగే: 90 డిగ్రీల మలుపు తిరగడానికి 6 సెకన్లు పట్టిందంటే పొడవు 100 మీటర్లు. దాన్ని 1.57తో (90 డిగ్రీలను రేడియన్లలో చెబితే వచ్చే అంకె) భాగిస్తే 64 మీటర్ల వ్యాసార్థం. మినీమ్యాప్ మీద కోణం చూసి, మిగతా మలుపులకు కోణాన్ని బట్టి భాగించే అంకె మార్చుకోండి.

వాలు కొలవడం కాస్త కష్టం. రీప్లేలో ఫోటో మోడ్ తెరిచి, కెమెరాను రోడ్డుకు సరిగ్గా అడ్డంగా, వంకర లేకుండా పెట్టి ఫోటో తీయండి. స్క్రీన్ మీద కోణమానిని ఆనించి చూస్తే రోడ్డు అంచు ఎన్ని డిగ్రీలుందో తెలుస్తుంది. 3.4 డిగ్రీలు వస్తే అది 6 శాతం వాలు. అర డిగ్రీ అటూ ఇటూ అయినా పర్వాలేదు, మనం బిల్లు పెట్టడం లేదు కదా.

నోట్‌బుక్‌లో చైనేజీ, వ్యాసార్థం, వాలు, వెడల్పు అని గడులు కొట్టుకోండి. ఐదో గడి ఇంకొకటి పెట్టండి: అక్కడ కంటికి ఏం కనపడుతుంది? గోడా, ఆకాశమా, చెట్టా, ఏమీ లేదా. తర్వాత ఎక్కువగా తిరగేసేది ఆ గడే.

ఎందుకు మార్చాలో లెక్క చెబుతుంది

రోడ్డు డిజైన్‌లో మేం రోజూ వాడే సూత్రం ఒకటుంది. గంటకు కిలోమీటర్లలో ఉన్న స్పీడుని స్పీడుతో గుణించి, 127తోనూ మీటర్లలో ఉన్న వ్యాసార్థంతోనూ భాగిస్తే, ఆ మలుపులో టైరుకి ఎంత పట్టు కావాలో వస్తుంది. 150 మీటర్ల మలుపు తీసుకోండి. పట్టు 1 ఉన్న మామూలు స్పోర్ట్స్ కారు అందులో 138 దాకా పోతుంది. పట్టు 2 ఉన్న రేసు కారు 195తో పోతుంది. మొదటి కారుకి అది భయపడాల్సిన మలుపు. రెండోదానికి కాస్త వంగిన స్ట్రెయిట్, అంతే.

బ్రేకుదీ అదే కథ. 250 నుంచి 80కి రావడానికి 1 జి (భూమి ఆకర్షణంత బలం) బ్రేకు ఉన్న కారుకు 220 మీటర్లు కావాలి, ఒకటిన్నర జి ఉంటే 147 చాలు. బ్రేకు వేసే చోటు చిన్నదైపోతే ఓవర్‌టేక్ చేయడానికి జాగా ఉండదు. అందుకే ముందు స్ట్రెయిట్ పెరగాలి, కార్లు ఇంకా ఎక్కువ స్పీడుతో బ్రేకు దగ్గరికి రావాలి. కంపెనీ చేసిన మార్పు సరైనదని నేనన్నది ఇందుకే.

అలాగని ప్రతి మలుపూ బిగించకండి. మీ ట్రాక్ ఏ కారు కోసమో ఒక్కటి ఎంచుకుని, దాని పట్టుతో అన్ని మలుపులూ లెక్కేసి, బొత్తిగా చప్పబడిన రెండు మూడు చోట్లే మార్చండి.

ఎత్తుపల్లాలే అసలు సంగతి

కొత్తగా ట్రాకులు గీసేవాళ్లు రోజంతా పైనుంచి మ్యాప్ చూస్తూ కూర్చుంటారు. ట్రయల్ మౌంటెన్‌ని బల్లపరుపుగా చేసి చూడండి, సగం ప్రాణం పోతుంది.

కొండ రోడ్లకు మామూలుగా 5 శాతం వాలు పెడతాం, నిట్టనిలువు చోట్ల 6. ఎక్కుడు ముగిసి దిగుడు మొదలయ్యే చోట రోడ్డుని ఎంత పొడవున వంచాలన్నదే అసలు నైపుణ్యం. 6 శాతం ఎక్కుడు, వెంటనే 6 శాతం దిగుడు అనుకోండి. ఆ వంపుని 38 మీటర్లలో తిప్పేస్తే 200 స్పీడులో వచ్చే కారుకు టైర్ల మీద బరువే ఉండదు, గాల్లోకి లేస్తుంది. అదే 60 మీటర్లలో తిప్పితే బరువులో మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. కారు నేల మీదే ఉంటుంది, స్టీరింగ్ మాత్రం పనిచేసీ చేయనట్టుంటుంది. నేను కోరుకునేది ఆ రెండోది. ఎగరడం మొదటి ల్యాప్‌లో సరదాగా ఉంటుంది. స్టీరింగ్ తేలికైపోవడం మాత్రం ఎన్ని ల్యాపులు వేసినా ఒళ్లు దగ్గర పెట్టుకునేలా చేస్తుంది. పగటి పనిలో ఇదే వంపుని ఇంకా ఎంతో పొడుగ్గా పెడతాం, ఎదురొచ్చే బండి కనపడాలి కాబట్టి.

ఎక్కుడు చివర మలుపు కనపడకపోతే కష్టం ఉంటుంది, అన్యాయం ఉండకూడదు. ఈ తేడా ఎక్కడో పుస్తకంలో చదవక్కర్లేదు. శ్రీశైలం బస్సెక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చోండి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో రోడ్డు చాలావరకు నెమ్మదిగానే సాగుతుంది. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగుడు మొదలయ్యాక డ్రైవర్ చేతులు చూడండి. మలుపు కనపడక ముందే గేరు తగ్గిస్తాడు, హారన్ కొడతాడు. చూపు తారు మీద ఉండదు. పక్కన రాతి గోడ ఎక్కడ తెగిందో, పారాపెట్ (రోడ్డంచు పిట్టగోడ) ఎటు వంగిందో దాన్ని చూస్తుంటాడు. రోడ్డు దాచిపెట్టినదాన్ని పక్కనున్న వస్తువు చెప్పేస్తుంది.

ట్రాకులోనూ అంతే. కనపడని ప్రతి మలుపుకీ ముందు ఒక గుర్తు ఇవ్వండి. నేను ఎక్కుడు మీద ఎడమ పక్క ఒక పెద్ద గుండు (బండరాయి) పెట్టాను, బ్రేకు వేయాల్సిన చోటుకి సుమారు 50 మీటర్ల ముందు. 200 స్పీడులో సెకనుకు 55 మీటర్లు పోతాం కాబట్టి, గుండు దాటాక ఒక్క క్షణం టైం ఉంటుంది. బోర్డు పెట్టినా పని జరుగుతుంది కానీ బోర్డు చదివించి చెబుతుంది. గుండు అయితే వాళ్లే కనుక్కున్నామనుకుంటారు.

వెడల్పు సంగతి రెండు మాటల్లో: మన రెండు వరసల రోడ్డు 7 మీటర్లు, కొత్త రేసు సర్క్యూట్లు 12. నేను బయట 12 ఇచ్చి, సొరంగంలో 9కి తగ్గించాను. పక్కపక్కన వచ్చిన ఇద్దరిలో ఒకడు తగ్గక తప్పదు.

బ్లెండర్‌లో

బ్లెండర్ అంటే 3డీ ఆకారాలు గీసే సాఫ్ట్‌వేర్, ఉచితం, నేర్చుకోవడానికి వీడియోలు బోలెడు. ఇక్కడ అవసరమైనవే చెబుతాను. ఒక యూనిట్ అంటే ఒక మీటర్‌గా పెట్టుకోండి. రోడ్డు మధ్య గీతను కర్వ్‌గా గీసి, నోట్‌బుక్‌లోని ఎత్తులు ఎక్కించి, దాని వెంట రోడ్డు అడ్డుకోతను పరిగెత్తించండి. మలుపుల్లో ఒరగడానికి కర్వ్ పాయింట్లను కంట్రోల్, టీ నొక్కి వంచొచ్చు. కొండ మలుపుల్లో మేం ఒరగనిచ్చేది గరిష్ఠంగా 10 శాతం. సొరంగం బయటి మలుపులో నేను బయటికే 3 శాతం ఒరగనిచ్చాను. ఆఫీసులో అలా గీస్తే డ్రాయింగు నా మొహాన కొడతారు.

టైరు తాకే రోడ్డు మెష్‌ని మీటరు, రెండు మీటర్లకొక అడ్డగీతతో చేయండి. అంతకన్నా దూరమైతే వంపుల మీద కారు మెట్లెక్కినట్టు దడదడలాడుతుంది. టైరు తాకే ముక్కల పేర్లన్నీ ఇంగ్లిష్‌లో, ముందు ఒకటి అంకె, వెంటనే రోడ్, కెర్బ్ (మలుపు అంచున ఉండే గట్టు), గ్రాస్ అన్న మాటతో మొదలవ్వాలి. అంకె లేని ముక్క కంటికి కనపడుతుంది కానీ కారు దాని గుండా కిందికి దిగిపోతుంది. స్టార్ట్, పిట్ (కార్లు ఆగే చోటు), టైమింగ్ గుర్తులు పెట్టేటప్పుడు బాణం దిశ సరిచూసుకోండి, స్టార్ట్ గళ్లూ పిట్ చోట్లూ సమానంగా ఉంచండి. ఎఫ్‌బీఎక్స్ అనే 3డీ ఫైలుగా ఎగుమతి చేసి ఆట ఎడిటర్‌లో మెటీరియల్స్ పెట్టడమే మిగిలింది.

రాళ్ల ఫోటోలు ఇంటర్నెట్‌లో వెతకొద్దు, మన దగ్గర గుట్టలకేం కరువు? మన్యంకొండ వైపు వెళ్లండి. మబ్బు పట్టిన పూట తీయండి. ఎండలో తీస్తే నీడలు ఫోటోలో అంటుకుపోతాయి, ఆటలో సూర్యుడు ఇంకో పక్క ఉంటే ఎబ్బెట్టుగా కనపడుతుంది. గుండు మీద వాన నీళ్లు జారిన నల్లటి చారలు తప్పకుండా తీసుకోండి. ఆ చారలు నిలువుగా ఉంటేనే రాయి ఎత్తు తెలుస్తుంది. గోడ అడుగున కాస్త మొరం రంగు, రెండు సీతాఫలం పొదలు చాలు.

వేరేవాళ్ల చేతికివ్వండి

గీసినవాడికి ప్రతి మలుపూ కంఠతా వచ్చేస్తుంది, మీ ల్యాప్ టైం లెక్కలోకి రాదు. మా చిన్నమ్మ కొడుకుకి మామూలు కంట్రోలర్ ఇచ్చి, పక్కన కూర్చుని నోరు మూసుకున్నాను. సొరంగం బయట గోడకు కొట్టి, “అన్నా, ఈడ బ్రేకు ఎందుకు కొట్టాల్నో తెల్వనే తెల్వది, ఊకె గోడకే పోతున్న” అన్నాడు. వెలుతురు ఎక్కువై, సొరంగం నోట్లోంచి చూస్తే అవతలి గోడ తెల్లగా కలిసిపోతోంది. మలుపు మార్చలేదు, గోడ రంగు ముదురు చేశాను. తర్వాత రోడ్డు గురించి అడగలేదు, నా స్పీకర్ల గురించే అడిగాడు.

షికేన్‌లో కెర్బ్ మీదుగా దూకే పాత అలవాటుని నేను ఆపలేదు, దానికి ఒక ధర పెట్టాను. దూకిన కారు దిగే చోట రోడ్డు బయటికి కాస్త ఒరిగి ఉంటుంది. బాగా దూకితే టైం మిగులుతుంది, కక్కుర్తిపడితే యాక్సిలరేటర్ తొక్కడం ఆలస్యమై మెయిన్ స్ట్రెయిట్ మొత్తం పోగొట్టుకుంటాడు. కెర్బ్ ఎత్తు 5 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, ఒక్కో సెంటీమీటరు పెంచుతూ వేరువేరు కార్లతో చూడండి. కిందికి ఉండే కారుతో తప్పకుండా చూడాలి, దాని అడుగు ముందు తగులుతుంది.

పంచేటప్పుడు పాత పేరు పెట్టకండి, అమ్మకండి. నేను మలుపులకు మన పేర్లే పెట్టుకున్నాను: గుండు మలుపు, సీతాఫలం ఎక్కుడు, చెక్‌పోస్టు షికేన్. ఫోల్డర్ పేరు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉంచండి, లేకపోతే కొందరి దగ్గర తెరుచుకోదు.