మిషన్ ఎందుకు ఆగిందో చెప్పే లాగ్ పుస్తకం

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపుకి, మిషన్ ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగిందో తెలుసుకోడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ప్రతి మిషన్‌కీ ఒక నోటుపుస్తకం, దానికి కట్టిన పెన్ను చాలు. నాలుగు టైములు రాయాలి: మిషన్ ఆగింది, మెకానిక్ చెయ్యి పెట్టింది, స్పేర్ చేతికొచ్చింది, మళ్లీ సరైన జాబ్ (మిషన్ మీద చేసే భాగం) వచ్చింది. ఆపరేటరే అప్పటికప్పుడు రాయాలి; షిఫ్టు చివర గుర్తు తెచ్చుకుని రాస్తే అన్నీ "అరగంట" అయిపోతాయి.

కారణం దగ్గరే చాలామంది తప్పుతారు. "ఎలక్ట్రికల్" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "కూలెంట్ పంపు కాంటాక్టర్, టెర్మినల్‌కి పచ్చ చిలుము" అని రాస్తే (కాంటాక్టర్ అంటే పంపుకి కరెంటు కలిపే స్విచ్) సముద్రపు గాలి ప్యానెల్‌లోకి చేరుతోందేమో, ప్యానెల్ తలుపు గాస్కెట్ (అంచు రబ్బరు) పోయిందేమో చూడాలని తెలుస్తుంది. కరెంటు కోత, మెటీరియల్ లేకపోవడం వేరే కాలమ్‌లో వెయ్యండి.

నెలాఖరున లెక్క. 200 గంటలు నడవాల్సిన లేత్ 4 సార్లు చెడి మొత్తం 10 గంటలు ఆగిందనుకోండి. ఒక్కో బ్రేక్‌డౌన్‌కి సగటున నడిచింది 190÷4, అంటే 47.5 గంటలు, ఆగింది 2.5 గంటలు. ఆ పదిలో ఏడు గంటలు బేరింగ్ కోసం ఎదురుచూపే అయితే మెకానిక్‌ని తిట్టి లాభం లేదు, ఆ నంబరు బేరింగులు రెండు అరలో పెట్టుకోండి.

ఒకే కారణం మూడోసారి కనబడితే మళ్లీ అదే మార్చి వదిలెయ్యకండి. బెల్టు పదేపదే తెగుతుంటే, మెయిన్ స్విచ్ ఆపి, పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూడండి.