సెయింట్ జాన్ దీవి: ఒక్క రోజులో చూసి రావాలంటే

కరీబియన్‌లోని అమెరికా వర్జిన్ దీవుల్లో ఒకటైన సెయింట్ జాన్‌లో విమానాశ్రయం లేదు. పక్క దీవి సెయింట్ థామస్‌లో దిగి, అక్కడి రెడ్ హుక్ రేవులో ఫెర్రీ ఎక్కితే సుమారు 20 నిమిషాల్లో సెయింట్ జాన్ రేవు పట్నం క్రూజ్ బే. అద్దె కారు మనలాగే ఎడమవైపు నడపాలి, కానీ స్టీరింగ్ కూడా ఎడమవైపే. మలుపుల్లో తడబడేది అందుకే.

పొద్దున్నే రీఫ్ బే కాలిబాట పట్టండి. సుమారు 3.5 కిలోమీటర్ల దిగుడు, తేలికే. అసలు కష్టమంతా ఎండెక్కాక తిరిగి ఎక్కడంలోనే, కాబట్టి మనిషికి 2 లీటర్ల నీళ్లు తప్పనిసరి. పక్కదారిలో టైనోల (ఇక్కడి పాతకాలపు ఆదివాసుల) రాతిచెక్కడాలు, చివర్లో పాడుబడ్డ చక్కెర మిల్లు. 1733లో బానిసలు తిరగబడి, నెలల తరబడి చాలా భాగాన్ని గుప్పిట్లో పెట్టుకున్నది ఈ దీవిలోనే.

మధ్యాహ్నం ట్రంక్ బేలో ఈత. ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ పగడాలకు హాని, అందుకే నిషేధం. జింక్ ఆక్సైడ్‌ది తీసుకోండి. వానొస్తే మాంచినీల్ చెట్టు కిందికి పరిగెత్తొద్దు: దాని పాలు కలిసిన నీళ్లు పడితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.