కార్బన్ నానోట్యూబుల పొడితో పనిచేసేటప్పుడు ఊపిరితిత్తులను కాపాడుకోవడం ఎలా

కార్బన్ నానోట్యూబుల (కార్బన్ పరమాణువులతో ఏర్పడిన, కంటికి కనిపించనంత సన్నని గొట్టాల) సీసా మూత తీసి, బ్యాలెన్స్ ముందు కూర్చుని స్పాచులాతో కొద్దిగా పొడి తీసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆ పొడి ఉప్పులా కిందికి రాలదు. స్థిరవిద్యుత్తు వల్ల స్పాచులాకూ, తూకం కాగితానికీ, గ్లోవ్ అంచుకూ ఎగిరి అంటుకుంటుంది. గట్టిగా ఊపిరి వదిలితే మసిలా పైకి లేస్తుంది. ప్రయోగశాలలో ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఆ కొద్ది నిమిషాల్లోనే.

ఊపిరితిత్తుల్లోకి చేరిన ధూళిని మాక్రోఫేజ్ కణాలు మింగి తొలగిస్తాయి. అయితే నానోట్యూబు పొడవుగా, వంగని సూదిలా ఉంటే ఆ కణం దాన్ని పూర్తిగా మింగలేదు, వదిలిపెట్టనూ లేదు. ఈ పెనుగులాటలో చుట్టుపక్కల కణజాలాన్ని దెబ్బతీసే రసాయనాలను విడుదల చేస్తూ ఉంటుంది. ఆస్‌బెస్టాస్ నారలతోనూ ఇలాగే జరుగుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే ఒక్క బహుళ గోడల (ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాల) రకాన్ని 'మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి' అనే 2బీ వర్గంలో చేర్చింది. జపాన్‌లో ఇదే రకాన్ని ఎలుకల చేత 104 వారాల పాటు పీల్పించగా, ఘనపు మీటరు గాలికి 0.2 మిల్లీగ్రాముల మోతాదులోనే మగ ఎలుకల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్లు పెరిగాయని 2016లో వెల్లడైంది. ఇవి జంతువులపై తేలిన ఫలితాలు. వర్గీకరణ జరిగిన నాటికి మనుషుల విషయంలో తగిన ఆధారాలు లేవు. మిగిలిన నానోట్యూబులన్నీ 3వ వర్గంలో ఉన్నాయి కాబట్టి అవి నిరపాయకరమని కొందరు అనుకుంటారు. అది పొరపాటు, తేల్చి చెప్పడానికి సమాచారం చాలదన్నదే ఆ వర్గానికి అర్థం.

ఎంత పీలిస్తే ఎక్కువ? అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య జాతీయ సంస్థ 2013లో సిఫారసు చేసిన పరిమితి, ఎనిమిది గంటల పనికి సగటున, ఘనపు మీటరు గాలికి 1 మైక్రోగ్రాము. ఒక పనిదినంలో మనిషి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే, లోపలికి వెళ్లేది 10 మైక్రోగ్రాములు. మన ప్రయోగశాలల్లోని గ్రాములో నాలుగు దశాంశాల వరకు తూచే బ్యాలెన్స్ చూపగలిగిన కనీస బరువు 100 మైక్రోగ్రాములు. అంటే రోజంతటి పరిమితి ఆ బ్యాలెన్స్ చివరి అంకెలో పదో వంతు మాత్రమే, కంటికి ఆనేది కాదు. పైగా అది కొలిచే పద్ధతికి అందే కనిష్ఠ స్థాయిని బట్టి పెట్టినదే తప్ప, దాని కింద ప్రమాదమే ఉండదని చెప్పే గీత కాదు.

అందువల్ల మొదట చేయవలసినది కొనుగోలు దగ్గరే ఉంది. ద్రవంలో ముందే కలిపిన నానోట్యూబులు మీ ప్రయోగానికి సరిపోతే వాటినే తెప్పించండి. తూచే పనే తప్పుతుంది. పొడి తప్పదనుకుంటే గోడల సంఖ్య, పొడవు, వ్యాసం, తయారీలో మిగిలిపోయిన ఇనుము లేదా నికెల్ ఎంతో అమ్మినవారిని అడిగి రాసుకోండి.

తూచేటప్పుడు పొడిని బయట బ్యాలెన్స్ మీద తెరిచి పెట్టవద్దు. ముందుగా ఖాళీ సీసాను మూతతో సహా తూచి, ఫ్యూమ్ హుడ్ (లోపలి గాలిని బయటికి లాగేసే అర) లోపల అందులోకి పొడి తీసుకుని, మూత బిగించి, సీసా వెలుపలి భాగాన్ని తడిబట్టతో తుడిచి, ఆ తర్వాతే బ్యాలెన్స్ దగ్గరికి తీసుకురండి. తేడాయే మీ బరువు. తిరిగి హుడ్‌లోనే మూత తీసి, వెంటనే ద్రావణి పోసి తడపండి. హుడ్‌లో గాలి వేగం సెకనుకు దాదాపు 0.5 మీటరు ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే సుడులు తిరిగి పొడిని మన ముఖం మీదికే తేవచ్చు. గదిలో ఫ్యాను ఆపాలి. గ్లోవ్ బాక్స్ (అమర్చిన గ్లోవ్స్‌లో చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టె) ఉంటే ఇంకా మంచిది.

మాస్కు వీటన్నిటి తర్వాతి రక్షణ. సర్జికల్ మాస్కు అంచుల నుంచి గాలి లోపలికి వస్తుంది కనుక పనికిరాదు. కనీసం ఎన్95 ఉండాలి, అదీ ముఖానికి సరిగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు.

తడిపాక ప్రమాదం చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ద్రవంలో ముంచిన కడ్డీతో అతిధ్వని తరంగాలు పంపి నానోట్యూబులను విడదీసే ప్రోబ్ సోనికేటర్ నడిపేటప్పుడు లేచే సన్నని తుంపరల్లో నానోట్యూబులు ఉంటాయి. దాన్నీ హుడ్‌లోనే నడపండి. నానోట్యూబులను ప్లాస్టిక్ వంటి పదార్థంలో కలిపి చేసిన, గట్టిపడిన కాంపోజిట్ పలక చేతిలో ఉన్నంతవరకు భయపడనక్కరలేదు, కానీ దాన్ని కోసినా, ఎమరీ కాగితంతో రుద్దినా దుమ్ము వస్తుంది కనుక నీళ్లు పోస్తూ చేయాలి.

ఒలికిన పొడిని చీపురుతో ఊడ్చడం, గాలి గొట్టంతో ఊదడం, మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడడం అసలు చేయకూడనివి. తడి టిష్యూతో తుడిచి, ఆ టిష్యూలను, గ్లోవ్స్‌ను రెండు సంచుల్లో మూతికట్టి ప్రమాదకర వ్యర్థాలతో పంపండి. ఏప్రాన్‌ను ఇంటికి తీసుకెళ్లి మిగతా బట్టలతో ఉతకవద్దు.

చివరగా, నోట్‌బుక్‌లో ప్రయోగ ఫలితాలతో పాటు ఏ తేదీన, ఏ రకం పొడిని, ఎంతసేపు, ఏ రక్షణతో వాడారో ఒక వరుస రాయండి. ఊపిరితిత్తుల జబ్బులు బయటపడడానికి ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది. అప్పుడు వైద్యుడు 'దేనితో పనిచేశారు?' అని అడిగితే, చూపడానికి మీ దగ్గర ఉండేది ఆ వరుసే.