ప్లాస్టిక్ సామాను పాడైన తీరు: కారణం, పరిష్కారం

ప్లాస్టిక్ సామాను పాడైతే నాసిరకమని పక్కన పడేయడం మనకు అలవాటు. కానీ పాడైన తీరును కాస్త పరిశీలిస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది: వంగిపోతే వేడి, సన్నని పగుళ్లు తీస్తే తరచుగా రసాయనం, పొడి రాలితే ఎండ. వస్తువు అడుగున త్రిభుజంలో ఉండే అంకె అది ఏ రకమో చెబుతుంది.

సమస్య: 20 లీటర్ల నీళ్ల క్యాన్ మెడ దగ్గర వెంట్రుకల్లాంటి గీతలు

హైదరాబాద్‌లో ఇంటింటా కనిపించే ఈ క్యాన్లలో 7 అంకె ఉన్నవి సాధారణంగా పాలీకార్బొనేట్‌తో చేసినవి. దెబ్బలను బాగా ఓర్చుకునే ఈ ప్లాస్టిక్ గాఢమైన క్షారాలను, అమ్మోనియాను, అసిటోన్‌ను మాత్రం తట్టుకోలేదు. అచ్చులో చల్లారేటప్పుడు మెడ, పిడి వంటి చోట్ల ఒత్తిడి మిగిలిపోతుంది కనుక, కాస్టిక్ సోడా వంటి క్షారంతో కడిగితే పగుళ్లు ముందుగా అక్కడే మొదలవుతాయి. మా ఇంట్లో ఒక క్యాన్‌ను కిటికీ వెలుగులో తిప్పి చూసినప్పుడు మెడ చుట్టూ వెండి దారాల్లా మెరిసే గీతలు కనిపించాయి. గోటికి ఏమీ తగలలేదు గానీ, కొద్ది రోజులకు సరిగ్గా అక్కడే నీరు చెమర్చింది. ఈ గీతలు పూడవు, తాగునీటి క్యాన్‌కు జిగురు పూయడం అసలే వద్దు. దాన్ని మార్చి, కొత్తదాన్ని గోరువెచ్చని నీటితో, తేలికపాటి సబ్బుతో కడిగితే చాలు.

సమస్య: డాబా మీది బకెట్ పిడి పుటుక్కున విరిగింది

ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వేడినే అనుమానిస్తాం. అయితే 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ కరగాలంటే 160 డిగ్రీలు కావాలి. అసలు దోషి అతినీలలోహిత కిరణాలు. అవి పొడవాటి అణువులను తెంచుతాయి, అందుకే బకెట్‌ను రుద్దితే వేళ్లకు పొడి అంటుతుంది. డాబా మీద ఉంచక తప్పకపోతే నల్ల బకెట్ కొనండి, అందులోని కార్బన్ మసి ఆ కిరణాలను అడ్డుకుంటుంది. బోరు నీళ్ల తెల్ల చారలకు వెనిగర్ సరిపోతుంది. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎన్నడూ కలపకండి. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

సమస్య: గీజర్ పైపు కుంగి, అతుకు దగ్గర నీరు కారుతోంది

చన్నీళ్ల పీవీసీ పైపును వేడినీళ్లకు వాడితే 60 డిగ్రీల దగ్గరే దాని బలం తగ్గిపోతుంది. మళ్లీ అతికించినా నిలవదు. 93 డిగ్రీల వరకు తట్టుకునే సీపీవీసీ పైపు వేయించి, దానికే ప్రత్యేకించిన జిగురు వాడమని ప్లంబర్‌కు గట్టిగా చెప్పండి.

సమస్య: కూర డబ్బాకు పసుపు మరక

పసుపులోని కుర్‌కుమిన్ నూనెలో కరిగి, వేడి కూరతోపాటు ప్లాస్టిక్ పైపొరలోకి దిగుతుంది, తోమితే పోదు. కడిగి ఒకటి రెండు మధ్యాహ్నాలు ఎండలో ఉంచితే వెలిసిపోతుంది. ఇకపై కూర చల్లారాకే డబ్బాలో వేయండి.

సమస్య: టీవీ రిమోట్ తుడిచిన చోట జిగటగా, మసకగా మారింది

గోళ్ల రంగు తుడిచే ద్రవంలోని అసిటోన్, రిమోట్ పైకప్పుకు సాధారణంగా వాడే ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కరిగిన పొర మళ్లీ నునుపెక్కదు. పూర్తిగా ఆరేవరకు తాకకుండా ఉంచితే వేలిముద్రలైనా పడవు. రిమోట్‌ను బ్యాటరీలు తీసేసి, సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతోనే తుడవాలి.